పది గుంటలు

అజ్మాన్‌ల, అల్ జుర్ఫ్ వెనక,
జీన్సు ప్యాంట్లు ఉతికే కంపెనీల
నాది నీళ్ల పని.
ఉతికినంక మిగిలిన నీళ్లు.

వస్తయి సూడు మూడో ట్యాంకులకు,
రాత్రి పదకొండుకు నీలం,
రెండుకు ఇటుకపొడి ఎరుపు,
తెల్లారగట్ల పేరు పెట్టరాని రంగు,
అన్ని పండుగల బట్టలు ఒకే బకెట్ల పిండినట్టు.

ఆ నీళ్లకు నా కాడ ఉన్న మందు
ఖర్జూర గింజ.
నవ్వకు.
పండ్ల ఫ్యాక్టరీల ఆడోళ్లు ఒలిచి పారేసిన గింజలే,
గాలి తగలనియ్యకుంట కాల్చి, ఆవిరి పట్టిస్తే
బొగ్గయితయి.
లోపలంత తొర్రలు, తొర్రల్ల తొర్రలు,
చీమ కాదు గదా
చీమ ఊపిరికి కూడ దారి దొరకనంత సన్నం.

ల్యాబుల రోసలిండా మేడం
ఒకనాడు చెంచా కొసకు ఇంత పొడి తీసి
"నర్సిములూ, ఈ గ్రాము విప్పి పరిస్తే
వెయ్యి చదరపు మీటర్లు" అన్నది.
గోడ మీద పెన్సిల్‌తోని లెక్క కట్టిన.
పది గుంటలు.

పది గుంటలు!
సిరిసిల్లల మాకు మగ్గం గుంత తప్ప జాగ లేదు.
ఇక్కడ ఆరుగురికి ఒక రూము, నాది పై మంచం,
మోకాళ్లు ముడిస్తేనే నిద్ర.
ఇరవై కిలోల సంచి భుజాన వేసుకొని
ఐదువేల ఎకరాల ఆసామినై
ఇనుప మెట్లు ఎక్కుత.
కింద జసీముద్దీన్ "ధీరే భాయ్, ధీరే" అంటడు,
ఎంత జమీందారుతోని మాట్లాడుతున్నడో
వాడికేం తెలుసు.

బొగ్గు తాగదు. ఇది నాకు ఆలస్యంగ సమజయింది.
స్పాంజి తాగుతది, పిండితే కక్కుతది.
బొగ్గు గోడలు చాపి
వచ్చినోణ్ణి వచ్చినట్టే అంటి పెట్టుకుంటది
రంగును, రాగిని, సీసాన్ని, క్రోమియాన్ని.
జాగ ఉన్నంతసేపే.

మొన్న బుధవారం, నాలుగింటికి,
ఔట్‌లెట్ కింద గ్లాసు పెట్టిన.
అద్దం లెక్క నీళ్లు. అవతల నా చేతి గీతలు కనబడ్డయి.
చెట్లకు నీళ్లు పట్టే ట్యాంకరు ఆగి ఉన్నది.
వాల్వు తిప్పుదునా అన్నడు సూపర్‌వైజర్.
నేను రంగులోణ్ణి,
పన్నెండేండ్లు డ్రమ్ముల కాడ నిలబడ్డోణ్ణి,
కన్నుతోనే పాళ్లు చెప్పేటోణ్ణి.
"మంచిగున్నయి" అన్న.

మేడం ఆగమన్నది. నీళ్లు మిషన్ల పెట్టింది.
కాయితం వచ్చింది:
రంగు సున్న.
క్రోమియం, ఉండాల్సినదానికి నాలుగంతలు.

రంగు లావుది, ముందుగాల వచ్చి జాగ పట్టుకున్నది.
లోహం సన్నగ, చప్పుడు లేకుంట
రద్దీల జారిపోయింది.

అప్పుడు యాదికొచ్చింది,
మా ఊర్ల పొద్దుగూకంగ
డ్రమ్ములు ఎట్ల పారబోస్తుంటిమో.
నీలం అడుగుకు దిగేదాక ఆగి
"తేరుకున్నయి" అని
మోరీ పలక ఎత్తేది నేనే.
ఎవరూ అడగలే. కింద గ్లాసు ఎవరూ పెట్టలే.
నా కండ్ల మీద నాకు గంత నమ్మకం.

ట్యాంకరు ఖాళీగ పోయింది, డ్రైవరు తిట్టుకుంట.
ఎండ ముదిరేదాక పాత బొగ్గు తోడినం.
అది కూడ నల్లగనే ఉన్నది, కొత్తదాని లెక్కనే;
నిండిందో లేదో దాని మొఖం చెప్పదు.
పసుపు సంచులల్ల మూట గట్టి, పుర్రె బొమ్మ అంటించి,
కట్టినోడు ఎవడని కింద పేరు రాయాలె.
ఆడెపు నర్సిములు.
తెలుగుల రాసిన. మేడం ఏమనలే.

విషం ఏడికీ పోలేదు, తెలుసు.
ఒక జాగల ఉన్నది, గంతే.
దానికొక నంబరున్నది, ఒక తాళమున్నది.

నల్లా కాడ చేతులు కడుక్కున్న.
గోళ్ల సందున నీలం పోదు,
అది సిరిసిల్లదో అజ్మాన్‌దో
నాకే తెల్వదు.
కడిగిన నీళ్లు బకెట్ల పట్టి
మూడో ట్యాంకుల పోసిన.